రెండో పిడికెడు

ఆ ఆదివారం గుడి గంట మోగేలోపల దేవకుమారి చెయ్యవలసిన పనులు ఇవి. చెంబులో నిప్పులు పోసి అన్నయ్య తెల్లకోటు ఇస్త్రీ చెయ్యాలి. బూట్లకు ఆముదం పట్టించి నీడలో ఆరబెట్టాలి; ఎండలో పెడితే తోలు పగులుతుందని అన్నయ్య రెండుసార్లు చెప్పాడు. దారిలో తినడానికి చేసిన సున్నుండలకు చీమలు పట్టకుండా డబ్బాను నీళ్ళ పళ్ళెంలో నిలబెట్టాలి. ట్రంకుపెట్టె ఖాళీ చేసి, తుడిచి, అడుగున కొత్త కాగితం పరవాలి. పేటలో ఇల్లిల్లూ తిరిగి, ఆరాధన అయ్యాక మీటింగుంది, ఆడవాళ్ళెవరూ వెళ్ళిపోవద్దని చెప్పి రావాలి.

ఇవన్నీ అమ్మ చెప్పిన పనులు. ఎవరూ చెప్పని పని ఇంకొకటుంది. ఏలూరు పంతులమ్మల ట్రెయినింగు స్కూలు అప్లికేషను మీద గుడి పాస్టరు అయ్యగారి సంతకం పెట్టించి రేపటి టపాలో వెయ్యాలి. ఈ యేడు చేరకపోతే వయసు దాటిపోతుందనీ, ఆ తరవాత చేర్చుకునేది లేదనీ స్కూలువాళ్ళు రాశారు. ఆ కాగితం వారంనుంచి ఆమె బైబిలు మధ్యలో నలుగుతోంది.

అది ముప్ఫయ్యారో సంవత్సరం, జూన్ నెల. పెదపాడు దాటి కొల్లేటి వైపు పోయే కాలవ గట్టున ఉంది ఆ పేట. ముప్ఫై ఇళ్ళు, మధ్యలో తాటాకు కప్పిన మిషను గుడి. మగవాళ్ళు కాలవ మీద పడవలు లాగేవారు, ఆడవాళ్ళు నాట్లకూ కోతలకూ వెళ్ళేవారు, పనిలేని రోజుల్లో తుంగచాపలు అల్లేవారు. పట్టపగలు మంచం మీద పడుకుని పేపరు చదివే మనిషి ఆ పేట మొత్తానికి ఒక్కడే. ఆయన దేవకుమారి అన్నయ్య ప్రసాదరావు, బి.ఏ.

ప్రసాదరావు గురువారంనాటి పేపరును ఆదివారంనాడు చదువుతూ, లండనులో దొరలు తన సలహా కోసమే ఆగి ఉన్నట్టు కనుబొమలు ముడిచేవాడు. కామవరపుకోట మిషను స్కూల్లో మేష్టరు ఉద్యోగం ఇస్తామంటే, "చోడంబలి తాగే మెట్ట ఊళ్ళో బి.ఏ. చదివినవాడు ఏం చేస్తాడు?" అని ఆ ఉత్తరానికి జవాబైనా రాయలేదు. ఏలూరులో గుమాస్తా పని ఉందంటే, గుమాస్తాగిరీకి ఇంత చదువెందుకన్నాడు. బి.ఏ. అయిన వారంలోనే, ఇకనుంచి తనను 'మీరు' అనాలని చెల్లెలికి చెప్పాడు. ఇన్నాళ్ళలో ఆయన ఎవరికైనా చేసిన ఉపకారం ఏమైనా ఉందంటే అదొక్కటే, మర్యాద నేర్పడం.

ఆ బి.ఏ. ఎలా వచ్చిందో చెప్పాలి. ఆ పేటలో ఏ ఇంట్లో ఎసరు పెట్టినా, బియ్యం కడగబోయేముందు ఇల్లాలు ఒక పిడికెడు తీసి గోడవారన ఉన్న ముంతలో వేసేది. అది దేవుడి పిడికెడు. ఆదివారం ఆ బియ్యం గుళ్ళో సంచిలో పోసేవారు. ఆరేళ్ళ క్రితం ప్రసాదరావు స్కూలు ఫైనలు ప్యాసైనప్పుడు ఆడవాళ్ళందరూ గుళ్ళో కూచుని, దేవుడి పిడికెడు తీశాక ఇంకో పిడికెడు కూడా తీద్దామనుకున్నారు. అది చదువు పిడికెడు. ఆ బియ్యం అయ్యగారు ఏలూరులో అమ్మించి బందరు కాలేజీకి పంపేవారు. ప్రసాదరావు డిగ్రీ చేతికొచ్చేదాకా అలా తియ్యాలని నిర్ణయం. కొల్లేటి లంకలో వాళ్ళు తాతలనాటినుంచి దున్నుకుంటున్న భూమికి పట్టా లేదు. ఇంగ్లీషులో అర్జీ రాసి, దొరల ముందు నిలబడి మాట్లాడగలిగే మనిషి తమలో ఒకడు ఉండాలని వాళ్ళ ఆశ.

చదువు రెండేళ్ళ క్రితమే పూర్తయింది. డిగ్రీ మాత్రం చేతికి రాలేదు. అది పెద్ద కాగితమనీ, మద్రాసులో పెద్ద దొరలు సంతకాలు పెట్టాలనీ, ఆలస్యమవుతుందనీ ప్రసాదరావు చెప్పాడు. వేరే ఊళ్ళో అయితే ఎవరైనా నవ్వేవారేమో. పేటవాళ్ళు నమ్మారు. లంకభూమి పట్టా కోసం తాత ముత్తాతలు చూసి చూసి పోయారు. వచ్చిన ప్రతి అధికారీ, కాగితం వస్తుంది, వస్తుంది అనే చెప్పాడు. కాగితమంటే రాకుండా ఉండేదే అని వాళ్ళకు అనుభవం. అందుకని రెండో పిడికెడు ఆగలేదు. ఆ బియ్యం సొమ్ము ప్రసాదరావు కాఫీకీ పేపర్లకూ బూట్లకూ ఏలూరు ప్రయాణాలకూ సరిపోయేది. లంక అర్జీ మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ప్లీడరు కాకుండా అర్జీ రాస్తే విలువ ఉండదట.

దేవకుమారి తన చదువు సంగతి ఎత్తినప్పుడల్లా తల్లి పాపమ్మ ఒకటే మాట అనేది. "అన్నయ్య డిగ్రీ రానియ్యమ్మా. ఒక ముంతలోంచి ఇద్దరికి తియ్యలేం. వాడిది అవగానే ఆ పిడికెడు నీకే."

ఇప్పుడు ప్రసాదరావు రేపే మద్రాసు వెళ్తానంటున్నాడు. ప్లీడరు కావడానికి బి.ఎల్. చదవాలట. ఇంకో రెండేళ్ళు. దాని కోసమే ఇవాళ మీటింగు.

"ఇంట్లో ఉన్నారా బీయేగారూ?" అంటూ సత్యవేదం అరుగెక్కింది. ఆమె పక్కింటి ముసలామె. భర్తా పిల్లలూ ఎవరూ లేరు. చాపలు అల్లుకుని బతుకుతుంది. చెంగున కట్టిన ఈ వారం బియ్యం తెచ్చి, ఎప్పటిలా పాపమ్మ పక్కన కూచుంది.

"ఉన్నాడొదినా. రేపటిదాకా ఉంటాడు," అంది పాపమ్మ, చేటలో బియ్యం ఏరుతూ.

"మళ్ళీ చదువంట కదా? మొదటిది ఏమైంది, చిల్లిపడిందా?"

ప్రసాదరావు పేపరు దించకుండానే, "బి.ఏ. వేరు, బి.ఎల్. వేరు అత్తా. నీకు చెప్పినా అర్థం కాదు," అన్నాడు.

"అర్థమవకేం నాయనా. మొదటిది ఇంకా చేతికే రాలేదు, రెండోదానికి వెళ్తున్నావు. మొదటి కోత ఇంటికి రాకుండానే రెండో నాటు వేసినట్టుంది. ఆ సంతకం పెట్టే దొర పేరు ఏమంత పొడుగుంటుంది? రెండేళ్ళనుంచి పెడుతూనే ఉన్నాడే!"

మూలన కూచుని పడవ లాగే తాడుకు ముడి వేస్తున్న తండ్రి యాకోబు ఫక్కున నవ్వాడు. కొడుకు చూసేసరికి నవ్వు ఆపి తాడు మీదికి వంగాడు. నలభై ఏళ్ళుగా ఆ తాడు రాసుకుని ఆయన కుడి భుజం మీద బొటనవేలంత కాయ కాసింది. కొడుకు బి.ఏ. అయ్యాక, స్నేహితులు ఇంటికి వచ్చినప్పుడు చొక్కా వేసుకోమని చెప్పాడు.

"మద్రాసు వెళ్తే ఆ కాగితం నేనే స్వయంగా తెచ్చుకుంటాను," అన్నాడు ప్రసాదరావు. "ఇవాళ మీటింగులో ఎక్కువ మాటలు వద్దు. అమ్మ అడుగుతుంది, మీరందరూ సరేనంటారు, అంతే. అయినా అడుక్కోవడానికి నాకే సిగ్గుగా ఉంది. పిడికెడు బియ్యానికి ముప్ఫై ఇళ్ళ ముందు తలవంచాలి! బయట ఎవరికైనా చెబితే ఉమ్మేస్తారు."

సత్యవేదం తన చెంగు ముడివైపు చూసుకుంది.

లోపల దేవకుమారి ట్రంకుపెట్టె ఖాళీ చేసింది. అడుగున అంటుకుపోయిన పాత పేపరు మొండికేస్తే గోటితో లేవదీసింది. దాని కింద నాలుగు మడతల దళసరి కాగితం ఒకటి ఉంది. విప్పింది. ఎర్రటి ముద్ర. కింద రెండు సంతకాలు, రెండూ సిరా ఆరి ఎన్నాళ్ళో అయినవి. బోర్డింగు స్కూల్లో ఎనిమిదోక్లాసు దాకా నేర్చుకున్న ఇంగ్లీషుతో ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. అన్నయ్య పేరు. బి.ఏ. అన్న మాట. అడుగున తారీకు, వెయ్యిన్నీ తొమ్మిదివందల ముప్ఫై నాలుగు.

మూడుసార్లు చదివింది. మూడుసార్లూ ముప్ఫై నాలుగే. లేచి అరుగు మీదికి వచ్చింది.

"ఇది నీకెప్పుడొచ్చింది?"

"'మీకు' అనాలి," అన్నాడు ప్రసాదరావు అలవాటుగా. తరవాత పేపరు దించి చూశాడు. చూసినవాడు మళ్ళీ పేపరు ఎత్తలేకపోయాడు.

"ఏవిటే అది?" అంది పాపమ్మ.

"డిగ్రీ అమ్మా."

పాపమ్మ చేట కింద పెట్టి లేచింది. చేతులు చీరకు తుడుచుకుని, తడి ఉందేమోనని మళ్ళీ తుడుచుకుంది. "వచ్చిందా! వచ్చేసిందా! ఎవరు తెచ్చారు? ఆదివారం టపా ఉండదు కదే? వదినా, విన్నావా, వచ్చిందంట!"

"అమ్మయ్య! సంతకం పెట్టేశాడా మహానుభావుడు!" అంటూ సత్యవేదం రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. యాకోబు తాడు వదిలేసి వచ్చాడు. ముగ్గురూ ఆ కాగితం చుట్టూ, పసిపిల్లను చూసినట్టు, ముట్టుకోకుండా వంగి చూశారు.

ఆ ముఖాలు చూస్తూనే దేవకుమారి కాగితం అడుగున తారీకు మీద వేలు పెట్టింది. "ఇవాళ రాలేదమ్మా. రెండేళ్ళ క్రితమే వచ్చింది. దీని మీదే రాసి ఉంది. పెట్టె అడుగున, పేపరు కింద దాచాడు."

పాపమ్మ నవ్వు అలాగే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసెయ్యాలో ఆమెకు తెలియలేదు.

"నిజమా ప్రసాదూ?" అంది.

ప్రసాదరావు మంచం మీదనుంచి లేచి నిలబడ్డాడు. "నేను చెప్పేది వినండి. ఉత్త బి.ఏ.లు ఏలూరులో వీధికి నలుగురున్నారు. బి.ఎల్. లేనిదే మనిషికి విలువ లేదు. డిగ్రీ వచ్చిందని చెబితే మీరు పిడికెడు ఆపేస్తారు. ఒకసారి ఆగితే మళ్ళీ మొదలుపెట్టించడం ఎవరి తరం? అందుకని ఏలూరులో స్నేహితుడి పేరుమీద తెప్పించుకున్నాను. ఇందులో తప్పేముంది? నేను ప్లీడరునైతే బాగుపడేది మీరే కదా!"

"మా బాగు కోసమైతే మాకెందుకు చెప్పలేదు నాయనా?" అంది సత్యవేదం.

"చెబితే మీకు తెలుస్తుందా? బియ్యం, తుంగ, పీతలు, ఇంతేగా మీ ప్రపంచం!"

"మరి నేను?" అంది దేవకుమారి. "రెండేళ్ళనుంచి నీ కాగితం కోసం అమ్మ నన్ను ఆపింది. ఈ యేడు దాటితే నన్ను చేర్చుకోరు. నీకు తెలుసు. నేను నీ పెట్టె తుడుస్తుంటే, అందులో నా రెండేళ్ళు ఉన్నాయి."

"నువ్వు పేటలో పిల్లలకు ఓనమాలు చెప్పడానికి ట్రెయినింగెందుకు?"

అప్పుడు పాపమ్మ మొహంమీద ఆ నవ్వు పోయింది. దాని స్థానంలో వచ్చింది కోపం కాదు. కోపమైతే ప్రసాదరావు భరించేవాడే. బజారులో పుచ్చు వంకాయను తిప్పి చూసి పక్కన పెట్టేటప్పుడు ఎలా చూస్తుందో, కొడుకును అలా చూసింది.

"దొంగతనం చేసినా ఏ మోతుబరి ఇంట్లోనో చేశావంటే కొంచెం ధైర్యముందనుకుందును," అంది. "సత్యవేదం ముంతలో చెయ్యి పెట్టావా? పొట్ట నింపుకోవడానికా? కాదు. కాఫీకి! బూట్లకి! ఇంతకీ నువ్వు నేర్చుకున్నదేవిట్రా? మీ నాన్నకు చొక్కా తొడగడం, చెల్లెల్ని మీరు అనిపించుకోవడం. ఇందుకు నాలుగేళ్ళు బందరు దాకా వెళ్ళాలా?"

"అమ్మా..."

"చదువుకో. బి.ఎల్. కాకపోతే ఇంకా నాలుగక్షరాలు తగిలించుకో. వద్దనను. నీ జీతంతో చదువుకో. ముందు ఈ కాగితం పట్టుకుని గుళ్ళోకి రా. మీటింగులో మీ అమ్మ అడగదు. నువ్వే చెబుతావు."

"గుళ్ళోనా? అందరిముందూనా? నా పరువు..."

"దాన్ని కూడా పెట్టె అడుగునే దాచి ఉంటావు. వెతికి తెచ్చుకో."

ప్రసాదరావు తండ్రివైపు తిరిగాడు. యాకోబు ఎప్పుడూ అతని పక్షమే. "మీరైనా చెప్పండి నాన్నా. రేపు పొద్దున పడవ ఉంది."

యాకోబు తాడు చుట్ట చుట్టి మేకుకు తగిలించాడు. "పడవ ఉంటుంది. నీ పెట్టె నేను మొయ్యను," అన్నాడు.

"మరెవరు మోస్తారు?"

"నీ బి.ఏ.ని మొయ్యమను."

గుడి గంట మోగింది.

ఆరాధన అయ్యాక ఆడవాళ్ళందరూ చాపల మీదే ఉండిపోయారు. ఒళ్ళో సంచులూ, చెంగుల్లో ముడులూ. అయ్యగారు మీటింగు మొదలుపెట్టి, "ప్రసాదరావు ఏదో చెబుతాడట," అన్నారు. ఇస్త్రీ చెయ్యని కోటుతో ప్రసాదరావు లేచాడు. కాగితం తీసి ఇంగ్లీషులో గడగడా రెండు వాక్యాలు చదివాడు.

"తెలుగులో, నాయనా," అంది సత్యవేదం వెనకనుంచి. "ఆ దొరల సంగతి మాకెందుకు. మాకు చెప్పు."

అతను తెలుగులో చెప్పాడు. ప్రసాదరావు అనే వ్యక్తి ఫలానా పరీక్షలో ఉత్తీర్ణుడైనందున ఈ పట్టం ఇవ్వడమైనది అని. తారీకు దగ్గర ఆగాడు. అందరూ వింటున్నారు. చివరికి, "ఇది వచ్చి రెండేళ్ళయింది. నేను దాచాను," అన్నాడు.

ఎవరైనా తిడితే బాగుండేది. ఎవరూ తిట్టలేదు. ముందువరసలో ఎవరో చిన్నగా నవ్వారు. అది పక్కవాళ్ళకు అంటుకుంది, తరవాత చాప నుంచి చాపకు పాకింది. ఇంత పెద్ద చదువు చదివినవాడు ఇంత చిన్న పని చేశాడా అన్న నవ్వు. ప్రసాదరావు తల దించుకున్నాడు. బి.ఏ. మొదటి రోజునుంచి ఆ పేటవాళ్ళను చూసి లోపల తాను నవ్వుకున్న నవ్వు అదేనని అతనికి అప్పుడు తెలిసింది.

నవ్వు ఆగాక సత్యవేదం అడిగింది. "అందులో నీ పేరు కాక ఇంకెవరి పేర్లున్నాయి అబ్బాయ్?"

"ఇద్దరు అధికారులవి, అత్తా."

"మావి లేవా?"

"లేవు."

"ఊఁ. వాళ్ళేమి పిడికెళ్ళు తీశారో మరి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సత్యవేదం మెల్లగా లేచి సంచి దగ్గరకు వచ్చి చెంగు ముడి విప్పింది. "ఇవి దేవకుమారివి," అని బియ్యం పోసింది. పోస్తుంటే సంచి పట్టుకున్న అయ్యగారు అన్నారు, "సత్యవేదం, ఒక్కదానివి వండుకుంటావు, నీ ముంత ఎప్పుడూ అందరికన్నా బరువుంటుందేమమ్మా? వారానికి ఇన్ని పిడికెళ్ళెక్కడివి?"

ఆమె సిగ్గుపడింది. "నా చెయ్యి చిన్నదండి అయ్యగారూ. అందరి పిడికెడూ నా పిడికెడూ సమానం కాదుగా. అబ్బాయికి తక్కువైపోతుందేమోనని రెండుసార్లు వేస్తానండి. మొదటినుంచీ అంతే."

ప్రసాదరావు ఆ చేతిని చూశాడు. తుంగ చీల్చీ చీల్చీ వేళ్ళు వంకరపోయి, పూర్తిగా మూసుకోవడం కూడా రాని చెయ్యి. దాని పిడికిట్లో పట్టే బియ్యం ఎన్నో అతనికి కనిపించింది. ఆమె అన్నం కుండ ఎంతో కూడా తెలుసు. ఆ కుండలోంచి ఆరేళ్ళు, పూటకు రెండుసార్లు. అందులో రెండేళ్ళు, తన కాఫీలకు.

గుడి మధ్యలో, ముప్ఫై ఇళ్ళ ఆడవాళ్ళ ముందు, బి.ఏ. చదివిన ప్రసాదరావు నేలమీద కూలబడి ఏడ్చాడు. పాపమ్మ కొడుకు దగ్గరకు వెళ్ళలేదు. సత్యవేదమే వెళ్ళింది. పక్కన చతికిలబడి అతని వీపు మీద ఆ చిన్న చెయ్యి వేసి, "ఊరుకో. కోటు మట్టి అవుతుంది. మళ్ళీ పిల్ల ఉతకాలి," అంది.

ఆ మధ్యాహ్నమే అతను రెండు కాగితాలు రాశాడు. ఒకటి లంకభూమి పట్టా కోసం అర్జీ. పేటవాళ్ళ పేర్లన్నీ వరసగా రాసి, మొట్టమొదట సత్యవేదం పేరు పెట్టాడు. రెండోది కామవరపుకోట స్కూలుకు, ఆ ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉంటే దయచేసి ఇప్పించమని. దేవకుమారి అప్లికేషను మీద అయ్యగారి సంతకం తనే అడిగి పెట్టించాడు. మర్నాడు పడవలో వెళ్ళి మూడు కవర్లూ ఏలూరు టపాలో వేసి వచ్చాడు.

ఉద్యోగం ఖాళీగానే ఉంది. పెట్టె తనే మోసుకుని మెట్టకు వెళ్ళాక, నెలకోసారి ఒక చిన్న మూట పేటకు వచ్చేది. బియ్యం కాదు, చోళ్ళు, అంటే రాగులు. అక్కడ తాను వండుకునేవి అవే మరి. పూటకో పిడికెడు తీసి పంపేవాడు. "బీయేగారి చోళ్ళొచ్చాయి," అని సత్యవేదం పేటంతా చెప్పేది, అంబలి కాచి తాగి, "కాస్త ఇసుక ఉంది," అని వంక కూడా పెట్టేది. పాపమ్మ ఆ మూట మొదటి ఏడాది ముట్టుకోలేదు. రెండో ఏడు విప్పి చూసింది. చోళ్ళను చేత్తో తిరగేసి, "ఏరడం నేర్చుకున్నాడు," అంది. అంతకన్నా మెత్తని మాట ఆమె నోటినుంచి రాలేదు. కొడుకు ఆ మాట ఉత్తరంలో చదువుకుని దాచుకున్నాడు. ఈసారి పెట్టె అడుగున కాదు.

బి.ఎల్. కూడా ఎప్పుడో చాలా ఏళ్ళ తరవాత తన జీతంతో చదివాడట. పేటలో ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

దేవకుమారి ముప్ఫై ఎనిమిదిలో ట్రెయినింగు ప్యాసై వచ్చింది. సర్టిఫికెటు చేతికొచ్చిన రోజునే పట్టుకుని ఇంటికి పరుగెత్తింది. దాన్ని అందరికన్నా ముందు చూపించాలనుకున్న మనిషి మాత్రం ఆ వేసవిలోనే వెళ్ళిపోయింది. సత్యవేదం ఇంట్లో గోడవారన ముంత అలాగే ఉంది. అడుగున కాసిని బియ్యం ఉన్నాయి. దేవకుమారి వాటిని గుళ్ళో సంచిలో పోసి, సర్టిఫికెటు వెనకవైపు సిరాతో ఆమె పేరు రాసింది.

ఎవరి ఇంటికైనా వెళ్ళినప్పుడు గోడమీద అద్దం కట్టిన డిగ్రీ కనిపిస్తే, ఒకటి కావచ్చు, పక్కపక్కన రెండు కావచ్చు, మీరు చదవగలిగే పేర్లు చదవండి. తరవాత ఒక్క క్షణం ఆగి, అందులో లేని సత్యవేదాన్ని కూడా తలుచుకోండి. ఆమె చెయ్యి చిన్నది. అందుకని రెండుసార్లు వేసేది.